క్రిస్మసు కథకుని యిల్లు

చదువవలసిన భాగములు: ఆదికాండము 41:50–52, 45:1–15, మత్తయి 18:21–35

డిశెంబరు నెల వచ్చినదనగానే మన తిరువూరు చుట్టుపట్ల సంఘములలో నాటికల సందడి మొదలగును. వరికోతలు ఒక కొలిక్కి వచ్చును. మామిడితోటల వారు పూత కొరకు ఎదురుచూచుచుందురు. సాయంకాలము కాగానే గుడి దగ్గర యౌవనస్థులు కూడుకొని ఆ యేటి నాటిక అభ్యాసము చేయుదురు. పేర్లు మారునే గాని కథ ఇంచుమించు ఒక్కటే. అన్నదమ్ములు విడిపోవుదురు, లేక కుమారుడు ఇల్లు విడిచి పోవును, లేక అత్తకును కోడలికిని మాటలుండవు. క్రిస్మసు రాత్రి గుడిగంట మ్రోగును. ఎవరో ఒకరు వచ్చి తలుపు తట్టుదురు. వేషము వేసినవారు ఏడ్చుదురు, చూచుచున్న మనమును కన్నీళ్లు తుడుచుకొందుము.

మరునాడు ఉదయము ఆరాధనకు వచ్చినప్పుడు మాత్రము, ఆ నాటిక చూచి ఏడ్చిన అన్న ఈ ప్రక్కను, తమ్ముడు ఆ ప్రక్కను కూర్చుందురు. ఎవరినో ఎత్తిపొడుచుటకు మేమీ మాట వ్రాయుట లేదు. పంపకములలో ఒక గట్టు కొరకో, బోరు నీటి వంతు కొరకో, ఆడపిల్లకు పెట్టవలసిన దాని కొరకో మాటలు మానుకొన్న ఇండ్లు ఏ సంఘములో లేవు?

ఇట్టి క్రిస్మసు కథలకు లోకమంతట పేరు తెచ్చినవాడు చార్లెస్ డికెన్స్ అను ఇంగ్లీషు గ్రంథకర్త. ఆయన కథలను ఎరిగినవారు మనలో కొందరుందురు. ఆయన ఇంటి సంగతి ఎరిగినవారు తక్కువ. క్షమాపణను గూర్చి అంత చక్కగా వ్రాసినవాని యింట అది ఎంతవరకు ప్రవేశించెనో ఈ నెల చూడగోరుచున్నాము.

ఆయన 1812వ సంవత్సరము ఫిబ్రవరి 7వ తేదీన ఇంగ్లండు దక్షిణ తీరమందలి పోర్ట్స్‌మత్ పట్టణములో జన్మించెను. తండ్రి జాన్ నౌకాదళపు జీతముల కచేరీలో గుమాస్తా. తల్లి ఎలిజబెత్. ఎనమండుగురు బిడ్డలలో చార్లెస్ రెండవవాడు. తండ్రి మంచివాడే, మాటకారి, నలుగురికి పెట్టుటయందు ప్రీతి గలవాడు, చేతిలో డబ్బు నిలువనివాడు. ఇట్టివారిని మనమును ఎరుగుదుము. కుటుంబము లండనుకు వచ్చిన తరువాత అప్పులు పెరిగెను. 1824 ఫిబ్రవరిలో ఒక రొట్టెల వర్తకునికి చెల్లింపవలసిన 40 పౌనుల బాకీ నిమిత్తము జాన్ డికెన్స్‌ను మార్షల్సీ అను అప్పులవారి చెరసాలలో వేసిరి. ఆ దేశములో ఆ దినములలో బాకీ తీర్చలేనివానిని చెరలో ఉంచెడివారు. భార్యయు బిడ్డలును వెళ్లి వానితోకూడ అక్కడనే కాపురముండవచ్చును. కొన్నాళ్లకు తల్లి చిన్నపిల్లలను తీసికొని ఆలాగుననే వెళ్లెను.

పండ్రెండేండ్ల చార్లెస్ మాత్రము బయట మిగిలెను. దూరపు బంధువొకడు వానిని థేమ్సు నది యొడ్డున నున్న ఒక కార్ఖానాలో పనికి పెట్టెను. అది బూట్లకు పూయు నల్లరంగు చేయు చోటు. శిథిలమైన పాత కట్టడము, క్రింద ఎలుకల అలజడి. రంగు బుడ్లకు కాగితము కప్పి, దారము కట్టి, పైన చీటి అంటించుట వాని పని. దినమునకు పది గంటలు, వారమునకు ఆరు షిల్లింగులు. రాత్రి పరాయి యింట పడక. ఆదివారమున అక్క ఫానీతో కలిసి చెరసాలకు వెళ్లి తలిదండ్రులను చూచి వచ్చుచుండెను. అక్క సంగీత విద్యాలయములో చదువుచుండెను. ఆమెకు బహుమానమిచ్చిన దినమున తమ్ముడు కూర్చుండి చూచెను. అక్క మీద అసూయ లేకపోయినను, తన గతి తలంచుకొని వాని గుండె పగిలెను.

సుమారు మూడు నెలలకు తండ్రి విడుదలయ్యెను. అయినను బాలుని పని వెంటనే మానిపింపలేదు. కొంతకాలమునకు తండ్రికిని ఆ కార్ఖానా చూచు బంధువునకును ఏదో మాట పట్టింపు వచ్చి, చార్లెస్‌ను పనిలోనుండి తీసివేసిరి. అప్పుడు జరిగిన ఒక సంగతి ఆయనను కడవరకు విడువలేదు. తల్లి వెళ్లి ఆ బంధువును సమాధానపరచి, పిల్లవాడు తిరిగి పనికి రావచ్చునను కబురు తెచ్చెను. తండ్రి వీలులేదనెను, బడికి పోవలెననెను. చార్లెస్ బడికి పోయెను.

ఆ తల్లి పక్షమున ఒక మాట చెప్పవలెనని మాకున్నది. భర్త అప్పులు ఆమె చేసినవి కావు. ఇంట ఇందరు బిడ్డలు, నిలకడలేని భర్త. వారమునకు ఆరు షిల్లింగులనగా కొన్ని పూటల భోజనము. బిడ్డను పనికి పంపవలసివచ్చిన తల్లులు మన పల్లెలలో ఎందరు లేరు? వారి మనస్సులో ఏమున్నదో బిడ్డలకు తెలియదు. చార్లెస్ డికెన్స్‌కును తెలియలేదు. తన్ను తిరిగి అక్కడికి పంపుటకు తల్లి ఇష్టపడినదను మాటను తాను మరువలేదు, మరువబోడు, మరువజాలడు అని పెద్దవాడైన తరువాత తన చేతితోనే వ్రాసి పెట్టెను. ఆ కార్ఖానా సంగతి తన బిడ్డలకు చెప్పలేదు. 1840వ పడి కడపట జాన్ ఫార్‌స్టర్ అను మిత్రునికి మాత్రము తెలిపెను. డికెన్స్ మరణించిన తరువాత ఆ మిత్రుడు జీవితచరిత్ర ప్రకటించినప్పుడే లోకమునకు తెలిసెను.

నడుమ సంవత్సరములను త్వరగా దాటుదము. ఆయన గుమాస్తాయై, పత్రికా విలేఖరియై, ఇరువదినాలుగేండ్లకే దేశమంతట ఎరిగిన కథకుడాయెను. 1836 ఏప్రిల్ 2వ తేదీన కాథరిన్ హోగార్త్‌ను వివాహమాడెను. వారికి పదిమంది బిడ్డలు కలిగిరి. ఒక ఆడశిశువు పసితనముననే చనిపోయెను.

1843వ సంవత్సరపు శరత్కాలములో సుమారు ఆరు వారములలో ఆయన ఒక చిన్న పుస్తకము వ్రాసెను. దాని పేరు ఎ క్రిస్మస్ కారొల్. ఆ డిశెంబరు 19వ తేదీన వెలువడి, క్రిస్మసుకు ముందే 6,000 ప్రతులు అమ్ముడుపోయెను. స్క్రూజ్ అను పిసినారి ముసలివాడు దయ్యములవలన తన గతమును రాబోవు గతిని చూచి మారుమనస్సు పొందుట దాని కథ. చాలామందికి జ్ఞాపకముండునది డబ్బు సంగతి, గుమాస్తా యింటి కుంటిపిల్లవాని సంగతి. మేము అందులో ఒక కుటుంబపు కథను చూచుచున్నాము. స్క్రూజ్ చిన్నవాడై యున్నప్పుడు పండుగకు అందరు పిల్లలును ఇండ్లకు పోగా, తండ్రి పిలువనందున వాడొక్కడే బడిలో మిగిలెను. చెల్లెలు ఫాన్ వచ్చి, తండ్రి మనస్సు మెత్తబడినదని చెప్పి వానిని ఇంటికి తీసికొని పోయెను. ఆ చెల్లెలు చనిపోయెను. ఆమె కుమారుడు ఫ్రెడ్ ప్రతి క్రిస్మసుకు వచ్చి మేనమామను భోజనమునకు పిలుచును, మేనమామ ప్రతి యేడును కసరి పంపివేయును. కథ చివర స్క్రూజ్ ఆ యింటి యెదుట, తలుపు తట్టుటకు ధైర్యము చాలక, అటు ఇటు ఎన్నో సార్లు తిరుగును. కడకు తట్టి, లోపలికి రానిత్తురా అని అడుగును. మేనల్లుడు చేయి పట్టుకొని లోపలికి తీసికొనును. ఆ కొద్దిసేపు వీధిలో తిరుగుటయే ఆ పుస్తకమంతటిలో మాకు మిక్కిలి నిజమని తోచును. రాజీపడ నిశ్చయించుకొన్నవానికి కూడ గడప దాటుట అంత కష్టము.

ఇంతకంటె లోతైన కథ మరియొకటి గలదు. అంతగా ప్రసిద్ధి లేదు. 1848లో అక్క ఫానీ క్షయవ్యాధితో చనిపోయెను. ఆ డిశెంబరులోనే ది హాంటెడ్ మాన్ అను పుస్తకము వెలువడెను. రెడ్లా అను రసాయనశాస్త్ర పండితునికి యౌవనమున ఒక స్నేహితుడు గొప్ప ద్రోహము చేసెను. ఆ నొప్పి ఆయనను విడువదు. క్రిస్మసు ముందటి రాత్రి ఆయన పోలికనే యున్న ఒక భూతము వచ్చి, నీకు జరిగిన అన్యాయములను దుఃఖములను జ్ఞాపకములోనుండి తుడిచివేయుదునని ఆశచూపును. ఆయన ఒప్పుకొనును. ఆ వరము అంటువ్యాధివంటిది, ఆయన సమీపించినవారికెల్ల అంటును.

ఏమి జరిగినది? బాధ పోయినది, బాధతోకూడ దయయు పోయినది. కష్టములలో ఒకరికొకరు తోడుగా నిలిచిన బీద దంపతులు, ఆ కష్టములను మరచి, ఒకరినొకరు అసహ్యించుకొందురు. మరణపడకమీద పశ్చాత్తాపపడుచున్న ఒక చెడిపోయిన కుమారుడు, ఆ పశ్చాత్తాపమును మరచి మరల కఠినుడగును. వాని ముసలి తండ్రి కన్నకొడుకును కాదనును. రెడ్లా భయపడి, ఈ వరము తీసివేయుమని మొరపెట్టుకొనును. మిల్లీ అను ఒక సామాన్య స్త్రీ రాకతో అందరును స్వస్థులగుదురు. ఆమె తన చనిపోయిన శిశువును మరువనిది, కాబట్టియే పరుల బిడ్డలను ప్రేమించును. మనకు కీడు చేసినవానిని క్షమింపవలెనన్న ఆ కీడు మనకు జ్ఞాపకముండవలెనని ఆమె ద్వారా ఆయనకు తెలియును.

సహోదరులారా, ఇది మన బైబిలులోని యోసేపు కథకు ఎంత దగ్గరగా నున్నదో చూడుడి. ఐగుప్తులో అధికారియైన తరువాత అతడు పెద్దకుమారునికి మనష్షే అని పేరు పెట్టెను. తన బాధను, తండ్రి యింటివారిని దేవుడు మరపించెనని దాని భావము. మరచితిననుకొన్నాడు. సహోదరులు ధాన్యము కొరకు వచ్చి నేల మీద సాగిలపడగానే సమస్తమును లేచి వచ్చినది. అవతలికి పోయి ఏడ్చెను. చివరకు తన్ను తెలియజేసికొనినప్పుడు, మీరు అమ్మివేసిన తమ్ముడను నేనే అని ఆ సంగతి పేరెత్తి చెప్పెను. పేరెత్తిన తరువాతనే వారిని ముద్దుపెట్టుకొనెను. మనష్షే పుట్టిన దినమున అతడు వారిని క్షమించియుండలేదు, మరచియుండెను, అంతే.

ఆ కాలముననే డికెన్స్ తన పిల్లల కొరకు ప్రభువు జీవితమును చిన్న మాటలలో వ్రాసి, ఇంట చదివి వినిపించుచుండెను. ఎన్ని మారులు క్షమింపవలెనని పేతురు అడిగిన సంగతియు, తప్పిపోయిన కుమారుని కథయు అందులో నున్నవి. దానిని అచ్చువేయవద్దనెను. కడపటి కుమారుడు కూడ చనిపోయిన తరువాత 1934లోనే అది ప్రకటింపబడెను.

తండ్రి విషయములో ఆయన నిజముగా మెత్తబడెను. తండ్రి కుమారుని పేరు చెప్పి కూడ అప్పులు చేయుచుండెను. కుమారుడు విసిగెను, పత్రికలలో ప్రకటన వేయించెను, ఊరికి దూరముగా కాపురము పెట్టించెను. అయినను డేవిడ్ కాపర్‌ఫీల్డ్ అను నవలలో ఆ తండ్రిని పోలిన అప్పులాయనను ఎంత ప్రేమతో చిత్రించెననగా, చదువువారందరికిని ఆయన ప్రియుడాయెను. 1851లో తండ్రి చనిపోవునప్పుడు కుమారుడు ప్రక్కనుండెను. తల్లిని పోలిన పాత్ర వేరొక నవలలో నున్నది, నికొలస్ నికిల్‌బీ తల్లి. పొంతనలేని మాటలాడు స్త్రీ, నవ్వులపాలైన స్త్రీ. అది చదివిన తల్లి, ఇట్టి స్త్రీ లోకములో ఎక్కడైన ఉండునా అని కుమారునినే అడిగెనట! నవ్వు వచ్చును గాని, కొంత సేపటికి ఆమె మీద జాలియు కలుగును. అప్పుల పాలుచేసిన తండ్రికి దొరికిన క్షమాపణ, ఆ అప్పులలో నలిగిన తల్లికి దొరకలేదు.

ఇప్పుడు చెప్పవలసినది కష్టమైన సంగతి. 1857లో, నలుబదియైదేండ్ల వయస్సున, ఆయన మనస్సు ఎల్లెన్ టెర్నన్ అను పదునెనిమిదేండ్ల నటి మీదికి పోయెను. ఆ అక్టోబరులో తన గదికిని భార్య గదికిని నడుమనున్న ద్వారమును మూయించి, ఆ సందున అరలు పెట్టించుమని పనిమనిషికి ఉత్తరము వ్రాసెను. క్రిస్మసు రాత్రి తలుపు తట్టిన ముసలివానిని సృజించిన చేయియే ఆ ఉత్తరము వ్రాసెను. 1858లో, వివాహమైన ఇరువది రెండేండ్లకు, వారు వేరైరి. కాథరిన్‌కు వేరొక ఇల్లును, సంవత్సరమునకు 600 పౌనులును ఏర్పరచెను. పెద్దకుమారుడు చార్లీ తల్లివెంట వెళ్లెను, మిగిలినవారు తండ్రియొద్ద నుండిరి. అంతటితో ఊరకుండక డికెన్స్ తన ఇంటి సంగతిని పత్రికలలో ప్రకటించెను. బయటపడిన మరియొక ఉత్తరములో బిడ్డలకును తల్లికిని ప్రేమ లేదన్నట్లు వ్రాసెను. ఆమె ప్రకటన లేమియు వేయలేదు. తన పక్షమున నిలువని మిత్రులను ఆయన విడిచిపెట్టెను. అట్టి మిత్రుడొకని కుమార్తెను చార్లీ 1861లో పెండ్లియాడగా, తండ్రి ఆ పెండ్లికి పోలేదు.

1863వ సంవత్సరము ఆయన ద్వారమును మూడుసార్లు తట్టినదని మాకు తోచును. సెప్టెంబరులో తల్లి చనిపోయెను. చివరి యేండ్లలో ఆమెకు మతి నిలుకడ లేకుండెను. ఆమె పోషణకు కుమారుడు ధనము ఇచ్చుచునే యుండెను, ఆ ఋణము ఆయన ఎగవేయలేదు. ఆమెను గూర్చి వ్రాసిపెట్టిన మాట మాత్రము అట్లే యుండెను. థాకరే అను మరియొక గొప్ప గ్రంథకర్త, కలకత్తాలో పుట్టినవాడు, ఒకప్పటి స్నేహితుడు, 1858 నుండి ఆయనతో మాటలాడుట లేదు. 1863 చివర లండనులోని ఒక క్లబ్బులో ఇద్దరును ఎదురుపడి, చూడనట్లు దాటిపోయిరి. థాకరే వెనుకకు తిరిగి వచ్చి చేయి చాపెను. డికెన్స్ ఆ చేయి పట్టుకొనెను. కొలదికాలమునకే, క్రిస్మసు ముందటి దినమున, డిశెంబరు 24వ తేదీన, థాకరే చనిపోయెను. డికెన్స్ వెళ్లి ఆ సమాధి ప్రక్కను నిలిచెను. ఆ చేయి ముందుగా చాపినవాడు తాను కాడని ఆయనకు తెలియును.

అదే నెల చివరి దినమున, డిశెంబరు 31న, మన దేశములోనే, కలకత్తా సైనిక వైద్యశాలలో, ఆయన కుమారుడు వాల్టర్ మరణించెను. వానికి అప్పటికి ఇరువది రెండేండ్లు. పదునారేండ్ల వయస్సున సైన్యములో చేరి ఇక్కడకు వచ్చినవాడు, తాతవలె అప్పులలో చిక్కుకొన్నవాడు, జబ్బుపడి ఇంటికి బయలుదేరినవాడు. వాని సమాధిరాయి నేడు ఆ నగరములోని సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానవాటికలో నున్నది. ఆ దినములలో కబురు ఓడమీద పోవలెను. 1864 ఫిబ్రవరి 7వ తేదీన, సరిగా తన పుట్టినదినమున, తండ్రికి ఆ వార్త చేరెను.

ఆ యేడేండ్లలో వాల్టర్ తల్లి ముఖము చూడలేదు. ఇకమీదట చూడబోడు. ఇట్టి సమయమునందైనను భార్యాభర్తలు ఒకటి కావలెనని, పేదలకు ఉపకారిణిగా పేరుపొందిన ఆంజెలా బర్డెట్ కూట్స్ అను స్నేహితురాలు డికెన్స్‌ను బ్రతిమాలెను. ఆయన ఒప్పుకొనలేదు. తన జీవితపు పుస్తకములో ఆ పుట మీద ఒకప్పుడు ఏదో వ్రాసియుండెననియు, ఇప్పుడది పూర్తిగా తెల్లబారి పోయినదనియు, అందులో ఏమియు లేనట్లు నటింపలేననియు భావమువచ్చునట్లు ప్రత్యుత్తరమిచ్చెను. బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి ఆయన వ్రాయలేదు.

పుట తెల్లబారుట! అది భూతము రెడ్లాకు ఇచ్చిన వరమే కదా. పదునైదేండ్ల క్రితము తానే దానిని శాపమని చూపెను. సంఘపెద్దలు ఇరుపక్షములను కూర్చుండబెట్టి సమాధానపరచబోయినప్పుడు మనము వినునదియు ఇదియే. వానిని నేను ఎప్పుడో మరచితినయ్యా, వాని మాట నాయొద్ద ఎత్తవద్దు అందురు. కోపముతో కూడ అనరు, నెమ్మదిగా అందురు. విన్నవారు, పోనీ, కోపము చల్లారినది అనుకొని లేచిపోవుదురు. కేకలు వేయువాని యింట ఇంకను తలుపు కొంత తెరచియున్నది. మరచితిననువాని యింట ఆ సందున అరలు పెట్టించినారు.

డికెన్స్ 1853 నుండి క్రిస్మస్ కారొల్‌ను జనసభలలో చదువుచుండెను. ఇంగ్లండులోను అమెరికాలోను వేలమంది విని కన్నీరు కార్చిరి. వేరైన తరువాతను చదువుచునే యుండెను. 1870 మార్చి 15వ తేదీన లండనులో ఆయన చేసిన కడపటి పఠనము కూడ ఆ కథయే. ఆయనను వేషధారి అనుటకు మాకు నోరు రాదు. చదువునప్పుడు ఆయన నిజముగానే ఏడ్చియుండవచ్చును, నాటికలో మనము ఏడ్చినట్లు.

1870 జూన్ 9వ తేదీన, ఏబదియెనిమిదేండ్లకు, ఆయన తన యింట చనిపోయెను. వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో సమాధిచేసిరి. మరణశాసనములో తన బిడ్డలు క్రొత్తనిబంధన బోధ చొప్పున నడువవలెనని కోరెను. భార్య ఆ సమాధికార్యమున లేదు. కుమార్తె కేట్ ముసలితనమున, తాము బిడ్డలందరును తల్లి పక్షమున మాటలాడక చెడ్డవారమైతిమని చెప్పుకొని దుఃఖించెను.

కాథరిన్ తొమ్మిదేండ్లు విధవరాలుగా బ్రతికి, 1879 నవంబరు 22వ తేదీన మరణించెను. జబ్బుగా పడకనున్న దినములలో ఆమె కేట్‌ను పిలిచి ఒక ఉత్తరముల కట్టను చేతికిచ్చెను. పెండ్లికి పూర్వము నుండి భర్త తనకు వ్రాసినవి. ఒక్కటియు చింపలేదు, కాల్చలేదు. ఆయన తన్ను ఒకప్పుడు ప్రేమించెనని లోకమునకు తెలియునట్లు వాటిని బ్రిటిష్ మ్యూజియమునకు ఇమ్మని చెప్పెను. అవి నేడును లండనులోని బ్రిటిష్ గ్రంథాలయములో భద్రముగా నున్నవి.